విప్పుడు పడవ

"వంతెన అనేది పాతకాలపు ఆలోచన" అని ప్రశాంత్ దాదా షోలాపూర్ కుంఠా నాకా కూడలిలో మైకు ముందు ప్రకటించగానే జనం చప్పట్లు కొట్టారు. కొట్టనిది ఇద్దరే. స్టాండు విరిగిపోతే మైకును రెండు చేతులా ఎత్తి పట్టుకున్న పెంటప్ప ఒకడు. అతని భార్య రాజమ్మ ఇంకొకతె. పెంటప్పకు చేతులు ఖాళీ లేవు. రాజమ్మకు మనసు లేదు.

దాదా గొప్పవాడు. ఈ మాట ఎవరో చెప్పింది కాదు, ఆయన ఫ్లెక్సీల మీదే ఉంది. "రాబోయే ఎమ్మెల్యే" అని వేయించుకుని చాలా ఏళ్లయింది. ఇప్పటికీ రాబోతూనే ఉన్నాడు. అంత ఓపిక గల నాయకుడు షోలాపూర్‌లో ఇంకొకడు దొరకడు. అలాంటి నాయకుడి పార్టీకి నేతగాళ్ల గల్లీలో అధ్యక్షుడు మన పెంటప్ప. తెల్ల చొక్కా, తెల్ల పైజామా, జేబులో పెన్ను. గల్లీలో పెద్దమనిషి. వానాకాలం తప్ప.

వానాకాలం ఎందుకు తప్పంటే, గల్లీకీ పెద్ద రోడ్డుకూ మధ్య ఒక నాలా ఉంది. వాన పడితే అది నిండుతుంది. గల్లీలో మగవాళ్లు సాంచలు నడుపుతారు, అంటే కరెంటు మగ్గాలు. ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు. చుట్టిన బీడీలు నాలా దాటి, రోడ్డు మీదున్న బీడీ కంపెనీ బ్రాంచిలో అప్పజెప్పాలి. తడి తగిలిన కట్టను అక్కడి చెకర్ వేళ్లతో నలిపి చూసి మూలకు విసిరేస్తాడు. పొద్దంతా వంగిన నడుము ఆ మూలన పడిపోతుంది. అందుకే గల్లీ ఏళ్ల తరబడి ఒకే ఒక్క వంతెన అడుగుతోంది. నాలా మీద ఓ చిన్న పూల్ వేయండి, బాబూ.

పోయిన వానల్లో రాజమ్మ నాలాలో జారింది. ఆమె లేచింది, గంప లేవలేదు. ఇంటికొచ్చి, తడిచీర పిండుకుంటూ తీర్పు చెప్పింది.

"ఇగ నా గంప నువ్వే మోస్తవ్."

"ఏందే, నేను పార్టీ అధ్యక్షుణ్ణి!"

"అందుకే మోస్తవ్. పూల్ పడేదాక మోస్తవ్."

అప్పటినుంచి అధ్యక్షుడు తెల్ల పైజామా తొడల దాకా మడిచి, నెత్తిన బీడీల గంప పెట్టుకుని నాలాలో దిగుతున్నాడు. అవతలి ఒడ్డున ఎదుటి పార్టీవాళ్లు చాయ్ తాగుతూ చూస్తారు. "అధ్యక్షా, రేపు మా ఇంటి గంప గూడ పట్కపోరాదే!" అంటారు. పెంటప్ప పలకడు. నోరు తెరిస్తే కాలు జారుతుందని భయం.

కాబట్టి దాదా మైకు ముందు నోరు తెరిచినప్పుడు పెంటప్ప ప్రాణమంతా ఆ నోట్లోనే ఉంది.

"పూల్ ఒక్కచోటనే ఉంటది" అన్నాడు దాదా. "ప్రజలు ఒక్కచోట ఉంటరా? ఉండరు! మరి పూల్ ఎందుకు ఉండాలె?"

జనం తలలూపారు.

"నాలాకు ఈ ఒడ్డు ఒక డిపార్ట్‌మెంట్‌ది. ఆ ఒడ్డు ఇంకో డిపార్ట్‌మెంట్‌ది. నడుమ నీళ్లు మూడోవాళ్లయి. ముగ్గురి ఎన్‌ఓసీ వచ్చేసరికి మనం ఉంటమా? అందుకనే బంధు భగినులారా, ఏ ఒడ్డునూ ముట్టని స్కీమ్ తెచ్చిన. పోర్టబుల్! మాడ్యులర్! విప్పుడు పడవ! విప్పితే మూడు ముక్కలు. ఒకదాంట్ల ఒకటి కూసుంటయి, టిఫిన్ డబ్బాల లెక్క. టెంపోల ఏసుకో, ఎక్కడ నీళ్లుంటే అక్కడ దించు!"

"నీళ్లు ఈడనే ఉన్నయి గదా, దాదా! నాలా ఏడికీ పోదు!" అని రాజమ్మ వెనకనుంచి అరిచింది.

దాదా చిరునవ్వు నవ్వాడు. "తాయీ, విజన్ ఉండాలె."

డిజైన్ బాధ్యత పెంటప్పకు దక్కింది. పెంటప్ప దాన్ని నేరుగా పోచయ్య దగ్గరికి తీసుకుపోయాడు. పోచయ్య గల్లీలో సాంచలు బాగుచేసే జాబర్. పడవను సినిమాల్లో తప్ప చూసినవాడు కాదు. చూసింది కూడా హీరోయిన్ వైపే.

"ఎంత పొడుగు ఉండాలె, అల్లుడా?"

పెంటప్ప దాదాకు ఫోను చేశాడు. దాదా ఆలోచించి చెప్పాడు. "పక్కన నా పేరు పట్టాలె."

పేరంటే ఉత్త పేరు కాదు. లోకనాయక్, వికాస పురుష్, యువ హృదయ సమ్రాట్, రాబోయే ఎమ్మెల్యే శ్రీ ప్రశాంత్ దాదా. పైగా పెద్ద రోడ్డు మీద బస్సులో పోయేవాడికి కనపడేంత అక్షరాలు. పోచయ్య నేలమీద సుద్దముక్కతో పేరు రాసి, దాని చుట్టూ గీత గీశాడు. అదే పడవ. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ పద్ధతి ఇంకా చెప్పడం లేదు.

నాలా ఎంత వెడల్పో కొలవాలని ఎవరికీ తోచలేదు. తోచే అవసరమూ లేదు. ఆ నాలా వెడల్పు గల్లీలో అందరికీ తెలుసు. పెంటప్పకైతే సముద్రమంత.

పని పోచయ్య కార్ఖానాలోనే జరిగింది. కింద చదునుగా, రెండు చివరలా తక్కువ ఎత్తుతో, ఇనుప చట్రానికి రేకు బిగించి మూడు పెట్టెలు చేశారు. వాటిని ఒకదానికొకటి బోల్టులతో కలిపి, సందుల్లో రబ్బరు పెట్టి, పేరు రాయించి, కొబ్బరికాయ కొట్టి, బయటికి తీయబోయారు. రాలేదు. అందరూ పడవను చూశారు, తలుపును చూశారు, మళ్లీ పడవను చూశారు.

తప్పు పోచయ్యది కాదు. సాంచ అనేది ఆ గల్లీలోకి ముక్కలుగా వస్తుంది, గదిలో బిగుసుకుంటుంది, ఆ గదిలోనే ముసలిదవుతుంది. బిగించినదాన్ని మళ్లీ గడప దాటించాలన్న ఆలోచన ఆ చేతులకు పుట్టాక ఎన్నడూ రాలేదు.

పెంటప్ప దాదాకు ఫోను చేసి చెప్పాడు. దాదా ఫోనులోనే పొంగిపోయాడు.

"చూసినవా! మామూలు పడవ అయితే ఏమయ్యేది? గోడ కూల్చాల్సొస్తుండె! మన డిజైన్ గెలిచింది. విప్పు!"

విప్పడం మొదలుపెట్టారు. పొద్దున చాయ్‌కి మొదలుపెడితే భోజనాల వేళ కూడా దాటింది. ప్రతి బోల్టుకూ నట్టు మీద నట్టు. దాని వెనక వాషరు.

"మామా, గివన్నీ డబుల్ నట్లు ఎందుకు ఏసినవ్?"

"సాంచ అదురుతది రా. ఒక్క నట్టు ఆగుతదా?"

"ఇది సాంచ గాదు, మామా. పడవ!"

"అది నీకెర్క, నాకెర్క. నా చేతులకు ఎట్లెర్క?"

తరవాత టెస్టింగ్. మార్చి నెల. నాలాలో ఒక కుక్క ఎండకు పడుకుని ఉంది. చెరువులో దింపుదామంటే పర్మిషన్ కావాలి. అందుకని టవళ్లకు రంగులేసే కార్ఖానాలోని హౌదు తొట్టిలో దింపారు. పడవ తేలింది! పెంటప్ప ఆనందం పట్టలేక తానూ హౌదులోకి దిగి తోశాడు. పడవ అటూ ఇటూ తిరిగింది. పైకి తీశాక తెలిసింది, ఆ రోజు హౌదులో ఉన్నది చిలకపచ్చ అని. చిలకపచ్చ ఎదుటి పార్టీ రంగు.

పడవకు మళ్లీ తమ పార్టీ ఊదారంగు వేశారు. పెంటప్ప కాళ్లకు వేయడం కుదరలేదు. సబ్బుతో తోమాడు, కిరసనాయిలుతో తోమాడు. షోలాపూర్ టవల్ రంగు పోదని దుకాణాల్లో గ్యారంటీ ఇస్తారు. ఆ గ్యారంటీ నిజమని పెంటప్ప కాళ్లు రుజువు చేశాయి. సాయంత్రానికల్లా దాదా ఫోను.

"పెంటప్పా, నువ్వు ఆ పార్టీలకు పోయినవంట?"

"లే దాదా! మోకాళ్ల దాకనే!"

దాదా ప్రారంభోత్సవం సంగతికి వచ్చాడు. "ఉద్ఘాటన్ రోజు సాక్సులు ఏసుకో" అన్నాడు.

ఉద్ఘాటన్ ఎండాకాలంలోనే పెట్టారు. వానాకాలంలో పెడితే పందిరి తడుస్తుంది. నాలాలో నీళ్లు లేవు కాబట్టి దాదా టాంకర్లు తెప్పించాడు. ఆ గల్లీలో నల్లా ఎప్పుడొస్తుందో నల్లాకే తెలియదు. అలాంటి చోట టాంకరు పైపు తెరిచి నాలాలోకి వదిలారు. నీళ్ల చప్పుడు గల్లీలోకి పోయింది. కరెంటు పోతే తప్ప ఆగని సాంచలు ఒకటొకటిగా ఆగాయి. బిందెలు బయటికి వచ్చాయి. బిందెల వెనక బకెట్లు, బకెట్ల వెనక డ్రమ్ములు. పైపు నోటికీ నాలాకూ మధ్య ఆడవాళ్లు గోడలా నిలబడ్డారు. ఒక్క చుక్క కింద పడలేదు.

"ఇవి పడవ నీళ్లమ్మా! పడవ నీళ్లు!" అని పెంటప్ప సాక్సులతో పరిగెత్తాడు.

"పడవకు దూప అయితదా?" అంది రాజమ్మ బిందె ఎత్తుకుంటూ. "మాకైతది. జరుగు."

రెండో టాంకరు కూడా అలాగే అయిపోయింది. దాదా మాత్రం చలించలేదు. "ఎంత పబ్లిక్ వచ్చిందో చూడు!" అని మురిసిపోయి, ఎండు మట్టిలో పెట్టిన పడవలోకి ఎక్కి నిలబడ్డాడు. తెడ్డు లేకపోతే పోచయ్య మగ్గంలో దారపు నాడెను అటూ ఇటూ కొట్టే కర్ర ఒకటి ఊడదీసి ఇచ్చాడు. కెమెరాకు కనపడకుండా నలుగురు కార్యకర్తలు పడవ వెనక కూర్చుని దాన్ని ఊపారు. ఒకడు బకెట్లో చెయ్యి పెట్టి గలగల అనిపించాడు. వీడియోలో దాదా నడిసంద్రంలో ఉన్నట్టే ఉన్నాడు. పెంటప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు నాలా దగ్గర ఉన్న నీళ్లు అవే.

వీడియో అయిపోగానే పడవ విప్పారు. టెంపోలో ఎక్కించారు. రాజమ్మ మూడో బిందె దించి వచ్చేసరికి నాలా దగ్గర కుక్క మళ్లీ పడుకుని ఉంది.

"ఏదయ్యా పడవ?"

"ప్రోగ్రాముకు పోయింది."

"నాలా ఈడుంటే పడవ ప్రోగ్రాముకు ఎట్ల పోయింది?"

"అదే గదనే డిజైన్!"

రాజమ్మ అతణ్ణి పైనుంచి కింది దాకా చూసింది. కింద ఎక్కువసేపు చూసింది. "ముందల ఆ కాళ్లు కడుక్కో" అని లోపలికి పోయింది.

పడవ ఎండాకాలమంతా తిరిగింది. హోట్గి రోడ్‌లో గుట్ట మీద ఉన్న కాలనీకి అంకితమైంది. అక్కడ మనిషి మునగాలంటే ముందు బావి తవ్వాలి. ఒక స్కూలు వార్షికోత్సవానికి పోయింది. ఒక కార్యకర్త కొడుకు పెళ్లి ఊరేగింపులో పెళ్లికొడుకును కూర్చోబెట్టుకుంది. పోయిన ప్రతిచోటా ఆ వార్డుకు అది సొంత పడవ. ప్రతిచోటా రిబ్బన్ కత్తిరించాక విప్పారు. వార్డుకో పడవ ఇచ్చానని దాదా ఫ్లెక్సీ వేయించాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఒక్కో వార్డుకు ఒక్కోసారి ఇచ్చాడు.

జూన్‌లో వానలు వచ్చాయి. నాలా నిండింది. పెంటప్ప పైజామా మడిచాడు.

"అధ్యక్షా, పడవేది?" అని అవతలి ఒడ్డున చాయ్ గ్లాసులు అడిగాయి.

"టూర్ల ఉన్నది" అన్నాడు పెంటప్ప. కాలు జారింది. గంపను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు కాబట్టి తాను మాత్రమే మునిగాడు. అయినా కింది వరస కట్టలు తడిశాయి. చెకర్ వాటిని నలిపి మూలకు విసిరాడు. ఆ సాయంత్రం రాజమ్మ ఖాళీ గంప లోపల పెట్టింది. చాట ముందు పెట్టుకుని మళ్లీ మొదటినుంచి చుట్టడం మొదలుపెట్టింది. ఆమె తిడితే పెంటప్ప తట్టుకోగలడు. ఇది తట్టుకోలేకపోయాడు. వాన చప్పుడు వింటూ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ వారమే వాన బాగా ముదిరింది. టీవీవాళ్లు వరద కోసం తిరుగుతున్నారని దాదాకు కబురొచ్చింది. వెంటనే ఫోను.

"పెంటప్పా, టెంపో పంపిన. లవ్‌కర్, జల్దీ బిగించు. రాజమ్మ తాయిని పడవల కూసోబెట్టి దాటియ్యి. అవతలి ఒడ్డున నేను రిసీవ్ చేస్కుంట. లైవ్!"

వానలో టెంపో వచ్చి మూడు పెట్టెలనూ గల్లీ మొదట్లో దించింది. పోచయ్య, పెంటప్ప తడుస్తూ బిగించారు. పోచయ్య తన అలవాటు కొద్దీ నట్టు మీద నట్టు వేశాడు. ఈసారి పెంటప్ప అడ్డం చెప్పలేదు. గల్లీ మొగవాళ్లంతా వచ్చి, ఒక చివర పట్టుకుని, "హైసా" అంటూ పడవను నేరుగా నాలాలోకి తోశారు.

పడవ ముందు కొస పోయి అవతలి ఒడ్డున రాళ్ల మీద కూర్చుంది. వెనక కొస ఇంకా ఇవతలి ఒడ్డునే ఉంది. కింద నీళ్లు తమ దారిన తాము పోతున్నాయి. దాదా పేరు నాలా కంటే పొడుగు.

పెంటప్ప నెత్తి పట్టుకున్నాడు. "మామా, వెనకకు గుంజు! పక్కకు తిప్పి దించుదం! దాదా వస్తుండు!"

"జర ఆగుండ్రి" అంది రాజమ్మ.

నెత్తిన గంప, గంప మీద ప్లాస్టిక్ కవరు. చీర కొద్దిగా ఎత్తిపట్టి పడవలోకి కాలు పెట్టింది. ఇంకో కాలు పెట్టింది. 'లోకనాయక్' దగ్గర మెల్లగా నడిచింది. 'వికాస పురుష్' దగ్గర కుదురుకుంది. 'రాబోయే ఎమ్మెల్యే' దాటి అవతలి ఒడ్డు ఎక్కి, వెనక్కి తిరిగి కూడా చూడకుండా బ్రాంచికి పోయింది. కాలి పట్టీలు కూడా తడవలేదు.

ఆమె వెనకే గల్లీ మొత్తం కదిలింది. గంపలు పోయాయి, స్కూలు సంచులు పోయాయి, టవళ్ల మూటలు పోయాయి. ఒక ముసలామె మధ్యలో ఆగి కిందికి చూసి, నీళ్లను బూతులు తిట్టి పోయింది. చాయ్ తాగుతున్న ఎదుటి పార్టీవాళ్లు కూడా ఒకసారి ఇటు వచ్చి, ఒకసారి అటు పోయి, గట్టిగానే ఉందని ఒప్పుకున్నారు.

అప్పుడు దిగాడు దాదా, గొడుగు కింద, కెమెరాతో. చూశాడు.

"పెంటప్పా, పడవ తేల్తలేదు!"

"తేల్తలేదు, దాదా."

"మరి జనం దాటుతున్నరు గదా?"

"దాటుతున్నరు, దాదా."

దాదా ఆలోచించాడు. పెద్ద నాయకుల ఆలోచన బయటికి కనపడుతుంది. మీసం ఒకసారి అటు పోయి ఇటు వచ్చింది. కెమెరా వైపు తిరిగాడు.

"బంధు భగినులారా! పడవ అనేది పాతకాలపు ఆలోచన! మీరు పూల్ అడిగిండ్రు. నేను ఇచ్చిన మాట తప్పుతనా? ఇగో! పోర్టబుల్! మాడ్యులర్! విప్పుడు పూల్!"

చప్పట్లు మోగాయి. ఈసారి పెంటప్ప చేతులు ఖాళీగా ఉన్నాయి. అతనూ కొట్టాడు, నిజంగానే కొట్టాడు. రిబ్బన్ కత్తిరించారు. కొబ్బరికాయ పగిలింది. కెమెరా ఆగింది. దాదా పెంటప్ప భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయి, మెల్లగా అన్నాడు.

"శాబాష్. చల్, ఇగ విప్పు. కుంభారి ఊర్ల నాలుగింటికి ఉద్ఘాటన్."

"ఏంది ఉద్ఘాటన్, దాదా?"

"పూల్‌ది. ఫ్లెక్సీ మీద పడవ అన్నకాడ కాగితం అతికించి పూల్ అని రాయమన్న. విప్పు, విప్పు. టెంపో స్టార్ట్‌లనే ఉన్నది."

పెంటప్ప చెయ్యి పైజామా జేబులోకి పోయింది. అక్కడ నట్లు విప్పే పానా ఉంది. బరువుగా, చల్లగా ఉంది. తల ఎత్తాడు. రాజమ్మ బ్రాంచినుంచి తిరిగి వస్తోంది. ఖాళీ గంప చంకలో పెట్టుకుని, పడవ సరిగ్గా మధ్యలో ఆగింది. అతణ్ణే చూస్తోంది.

"పానా లేదు, దాదా" అన్నాడు పెంటప్ప.

"నీ జేబుల ఏందది?"

"ఫోన్, దాదా."

దాదా ఆ జేబు వైపు చూశాడు. మడిచిన పైజామా ఆ పక్కకు ఒరిగి, కింద చిలకపచ్చ కాలు మోకాలి దాకా కనపడుతోంది. దాదా మొహం కొంచెం మారింది.

"గల్లీల అడుగు."

పెంటప్ప నోటి చుట్టూ చేతులు పెట్టి గల్లీ వైపు గట్టిగా అరిచాడు. "ఎవరింట్లనన్న పానా ఉన్నదా? దాదాకు పూల్ విప్పాలెనంట! కుంభారికి కొంచవోతడంట!"

సాంచల చప్పుడు ఆగింది. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి, నాలా వైపు చూశాయి, పూల్ మీద రాజమ్మను చూశాయి.

"మా ఇంట్ల లేదు!"

"మాకాడ ఎన్నడు లేదు!"

"మొన్ననే పోయింది!"

తలలు లోపలికి పోయాయి. సాంచలు మళ్లీ ఒకటొకటిగా అందుకున్నాయి. ఇంటింటా, పక్కపక్కనే, టకటకా టకటకా.

దాదా ఆఖరికి పోచయ్య వైపు తిరిగాడు. పోచయ్య పడవ కొస మీద కూర్చుని ఉన్నాడు.

"పోచయ్య కాకా, నీకాడ పానా ఉండాలె గదా?"

పోచయ్య చేతిలోని పానాతో ఇంకో నట్టును ఇంకొంచెం బిగించి, తల ఎత్తాడు.

"పానానా? అది ఎట్లుంటది, దాదా?"